తవ్వ గీసి కొలిచిన మనిషి

పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాల్సిందేనని మా తమ్ముడు పట్టుబట్టాడు. ఆనందపురంలో ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడికి అమ్మ ఫోటో పంపితే అరగంటలో డిజైన్ వాట్సాప్‌లో వచ్చేసింది. చుట్టూ గులాబీలు, పైన దీపం, మధ్యలో ఆధార్ కోసం తీసిన ఫోటో, కింద "త్యాగమూర్తి, అనురాగమయి, మా ఇంటి దీపం" అని మూడు వరసలు. ఆ మాటలు మేం పంపినవి కావు. ఆ కుర్రాడి కంప్యూటర్లో ముందే ఉన్నాయి. తల్లి పోతే ఒక మూస, తండ్రి పోతే ఒక మూస. ఫోటో, పేరు, తేదీ మార్చుకోవడమే. నేను చూసి ఓకే అని పెట్టాను.

ఇంకో వారానికి గ్రామ సచివాలయంలో మరణ నమోదు కోసం కూర్చున్నాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చి "వృత్తి ఏంటి సార్, గృహిణి అని వేసెయ్యనా?" అంది. వెయ్యమ్మా అన్నాను. నా వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు, బయట ఆటో వెయిటింగ్‌లో ఉంది.

ఏడాది కావస్తోంది. ఆ రెండు సార్లూ ఎంత తేలిగ్గా తలూపానో గుర్తొస్తే అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది. మా అమ్మ త్యాగమూర్తి కాదు. గృహిణి అన్న మాటలో సగం కూడా నిజం లేదు. ఆవిడ రైతు. ఊళ్లో ఆడవాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం ముప్ఫై ఏళ్లు నడిపింది. ఇచ్చింది తిరిగి వసూలు చేసింది కూడా. ఈ వసూలు సంగతి చెప్పుకోవడానికి మనకి మొహమాటం. అందుకే పోయిన అమ్మలందరికీ ఒకటే ఫ్లెక్సీ.

మాది పద్మనాభం మండలంలో గోస్తని నదికి దగ్గరగా ఉన్న ఊరు. ఆ గోస్తనికే పైన తాటిపూడి దగ్గర ఆనకట్ట కట్టి వైజాగ్‌కి నీళ్లు పట్టుకెళ్తారు. పద్మనాభం అంటే చరిత్ర చదివినవాళ్లకి 1794 జులై 10 గుర్తొస్తుంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి చనిపోయిన రోజు. ఒక్క పూటలో అయిపోయిన ఆ యుద్ధానికి తేదీ ఉంది. అదే నేలలో యాభై ఏళ్లు మోకాలి లోతు బురదలో వంగి ఊడ్చిన ఆడవాళ్లకి ఏ తేదీలూ లేవు. సరే, అది పెద్ద మాట, ఇప్పుడొద్దు.

మాకున్నది రెండెకరాల ముప్ఫై సెంట్లు. చెరువు కింద ఎకరం పల్లం, మిగతాది మెట్ట. పల్లంలో వరి, కోతలయ్యాక ఆ తడి మీదే పెసర. మెట్టలో నువ్వులు, వంగ, బెండ, గట్టు పక్కన నాలుగు వరసలు కనకాంబరాలు. ఇందులో నాన్న పనేంటి, అమ్మ పనేంటి అని ఒక రాత్రి కాగితం మీద రాసి చూశాను. దుక్కి, నీళ్లు కట్టడం, మందు కొట్టడం, కుప్ప వెయ్యడం, ధాన్యం బండి తోలడం నాన్నవి. విత్తనం దాచడం, ఆకుమడి చూడడం, ఆకు తియ్యడం, ఊడ్పు, కలుపు, కోతలో సగం, తూర్పారపట్టడం, కూరగాయలు కొయ్యడం, బుట్టకెత్తడం, అమ్మడం, గేదెలు, పాలు, పేడ అమ్మవి. రాస్తూ ఉంటే ఇంకొకటి తట్టింది. దుక్కికి ట్రాక్టర్ వచ్చింది. నూర్పుకి మిషన్ వచ్చింది. నీళ్లకి మోటారు వచ్చింది. నాన్న పనులన్నిటికీ ఏదో ఒకటి వచ్చింది. నడుం వంచి చేసే పనులకి మాత్రం మా ఊళ్లో ఇప్పటికీ నడుమే.

విత్తనం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెసర చేను కాయ పట్టే రోజుల్లో అమ్మ పాత చీర అంచు చింపి, ఆ పీలికలు బొడ్లో దోపుకుని వెళ్లేది. కాయలన్నీ ఒకేసారి నల్లబడే మొక్కలు కొన్ని ఉంటాయి, వాటికి ఒక్కో పీలిక కట్టేది. కోతకి వచ్చిన కూలీలకి ఆ గుడ్డ ఉన్న మొక్క ముట్టుకోవద్దని చెప్పేది. వాటిని తనే విడిగా కోసి, విడిగా కొట్టి, మూడు రోజులు ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో పోసేది. పైన వేపాకు, మూతికి గుడ్డ, గుడ్డ మీద పేడ పూత. ఏడాదికేడాది మా పెసర తక్కువ కోతల్లో అయిపోయేది. పక్క చేలవాళ్లు మూడుసార్లు కోస్తే మాకు రెండుసార్లతో సరి. అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది. అక్కడ మంచి చెరకు గడల్ని ఎంచి కొత్త రకాలు తయారుచేసేవాళ్లని శాస్త్రవేత్తలు అంటాం. మా ఇంట్లో ఆ పని చేసిన మనిషిని "అమ్మ చెయ్యి మంచిది" అన్నాం.

2011 జనాభా లెక్కలప్పుడు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఫిబ్రవరి నెల. లెక్కలు రాయడానికొచ్చిన మాస్టారు అరుగు మీద కూర్చుని "ఆవిడ ఏం చేస్తారండీ" అంటే నాన్న "ఏటి చేస్తాది, ఇంటికాడే ఉంటాది" అన్నాడు. ఆ టైమ్‌కి అమ్మ ఇంట్లో లేదు. చేలో పెసర కాయ కోస్తోంది. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, పని చేసినవాళ్లనే ఆ లెక్కల్లో ప్రధాన పనివాళ్లుగా రాస్తారు. అమ్మ పని లేకుండా ఉన్న రోజులు లెక్కపెడితే 183 కాదు, చేతివేళ్లు మిగిలిపోతాయి. నాన్న అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయనకి నిజంగానే అలా కనిపించింది. నేనూ పక్కనే ఉండి టీ తాగుతున్నాను, నాకూ అలాగే కనిపించింది. దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి నూటికి 13.87 అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ అరుగూ, ఆ టీ గ్లాసూ గుర్తొస్తాయి.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారీ లేకుండా పండించినవాళ్లే అమ్ముకోవచ్చన్నారు. అమ్మకి అది బాగా నచ్చింది. మొదటి బస్సుకి బెండకాయల బుట్ట వేసుకుని సిటీకి వెళ్లి, పది గంటలకల్లా అమ్మేసుకుని, మధ్యాహ్నానికి మళ్లీ గేదెల దగ్గర ఉండేది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పాసు పుస్తకం నాన్న పేరున కాబట్టి రైతు కార్డు కూడా నాన్న పేరునే ఇచ్చారు. ఒకరోజు తనిఖీకి వచ్చినాయన కార్డు తిప్పి చూసి "ఇందులో ఉన్న రైతు ఏడమ్మా?" అని అడిగాడట.

"రైతు ఇంటికాడ తొంగున్నాడు బాబూ. లెగ్గానే పంపిస్తాను. ఈ బెండకాయలు ఎప్పుడు కోసీరో ఆయన్నే అడుగు."

ఆ పూట అక్కణ్ణించి లేపేశారు. బయట రోడ్డు మీద గోనె పరుచుకుని అమ్మేసి వచ్చింది. ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా. 2019లో పీఎం కిసాన్ మొదలై ఏడాదికి ఆరు వేలు పడ్డప్పుడు కూడా డబ్బులు ఆ తొంగున్న రైతు ఖాతాలోకే వచ్చాయి. అమ్మ వాటిని లెక్కపెట్టి విత్తనాలకీ ఎరువుకీ విడదీసి, మిగిలింది ఆయన చేతిలో పెట్టేది.

ఇక ఊరి సంగతి. అమ్మ గురించి మాట్లాడేవాళ్లందరూ ముందు "ఊరందరికీ సాయం చేసేదమ్మా" అంటారు. నేను తగువు పడేది ఇక్కడే. సాయం అంటే మనకి పైనుంచి కిందికి జారే వస్తువు. అమ్మ చేసింది అది కాదు.

ఊడ్పుల రోజుల్లో మా వీధి ఆడవాళ్లు బదులు వెళ్లేవాళ్లు. ఇవాళ మీ మడి, ఎల్లుండి మా మడి. ఎవరు ఎవరికి ఎన్ని పూటలు బాకీ అన్నది అమ్మ దగ్గర ఉండేది. అమ్మ అయిదో క్లాసు చదివింది, రాయడం దాదాపు మర్చిపోయింది. వంటింటి తలుపు వెనక, పొగకి నల్లబడ్డ చెక్క మీద ఆ లెక్కంతా గీతల్లో ఉండేది. నల్లచెక్క మీద బొగ్గు గీతలు కనపడవు కదా. అందుకని కొంత భాగం తడి గుడ్డతో తుడిచి, పసుపు రాసి, దాని మీద గీసేది. పక్కనే సున్నపు చుక్కలు ఇంకో వరస. పూటలు, బియ్యం తవ్వలు, గిద్దెడు నూనె, జామెట్రీ బాక్స్ కొనడానికి ఇచ్చిన పదిహేను రూపాయలు, అన్నీ అందులోనే.

తవ్వ అంటే గింజలు కొలిచే గిన్నె. మాది ఇత్తడిది. అంచు ఒక పక్క సొట్ట. కొలిచేటప్పుడు నిండా ముంచి, అరచేతిని అంచు మీంచి ఒక్కసారి అటు నుంచి ఇటు లాగి గీసేది. పైన పొంగి ఉన్న గింజలన్నీ తిరిగి డబ్బాలో పడేవి. ఇచ్చేటప్పుడూ అంతే, తీసుకునేటప్పుడూ అంతే. చిన్నప్పుడు నాకు సిగ్గేసేది. ఎదురింటి పిల్ల బియ్యానికి వస్తే పైన ఇంకో పిడికెడు వేస్తే ఏం పోయింది అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను కూడా. పిసినారితనం అన్నాను, ఇంటర్ చదువుతున్న రోజులు, నోరు ఎక్కువ.

"ఊరికే ఇచ్చీసేననుకో, రేపు మళ్లీ అడగడానికి ఆ పిల్లకి నోరు రాదురా. అప్పనుకుంటే తలెత్తుకుని వస్తాది" అంది.

డ్వాక్రా గ్రూపు కూడా అలాగే నడిపింది. రోజుకి రూపాయి పొదుపుతో మొదలైన రోజులవి. అమ్మ రెండో లీడరు. మొదటి లీడరు అయితే మీటింగులకి మండలాఫీసుకి తిరగాలి, గేదెలు ఎవరు చూస్తారని వద్దంది. సంతకం అక్కడే నేర్చుకుంది. ఒకసారి ఒకావిడ వాయిదా కట్టలేదు. కట్టకపోతే గ్రూపంతటికీ కొత్త అప్పు ఆగిపోతుంది. అమ్మ పొద్దున్నే వెళ్లి ఆవిడ అరుగు మీద కూర్చుంది. చేతులు ఖాళీగా ఉంటే తోచదు కదా, మా చింతపండు ఒక చేట నిండా పట్టుకెళ్లి అక్కడే గింజలు తీస్తూ కూర్చుంది. మాట లేదు, పోట్లాట లేదు. మధ్యాహ్నం ఆవిడే అన్నం పెడితే తినేసి మళ్లీ కూర్చుంది. సాయంత్రం ఆవిడ మొగుడు డబ్బులు తెచ్చి ఇచ్చాడు. తాగుడికి పట్టుకుపోయినవి అవే డబ్బులని తర్వాత తెలిసింది. దీన్ని సేవ అని ఏ ఫ్లెక్సీ మీద రాస్తారు? అలాగని ఆవిడకి అమ్మ మీద కోపం లేదు. దినకర్మలో వంట దగ్గర పొద్దున్నుంచి నిలబడింది ఆవిడే.

హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. నేను మధురవాడ ఫ్లాట్‌లో ఉన్నాను. వైజాగ్‌లో ఆ రోజు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున్నంతా ఒక పక్క నుంచి గాలి, గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం కాసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. అది తుఫాను కన్ను. కాసేపటికి రెండో పక్క నుంచి మొదలైంది. పొద్దున్న సగం ఒరిగిన చెట్లు అప్పుడు పూర్తిగా పడ్డాయి. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది, మర్నాటికి పాల ప్యాకెట్ ఎంత చెప్తే అంత. ఇంటి సమాచారం ఏదీ లేదు. ఆ టెన్షన్‌లో రెండు రాత్రులు గడిపి, మూడో రోజు బైక్ మీద బయల్దేరాను. రోడ్డుకి అడ్డంగా చెట్లు, దిగి తోసుకుంటూ, కాలవల్లోంచి తప్పించుకుంటూ ఊరికి చేరేసరికి పొద్దు వాలిపోయింది.

మా ఇంటి పెంకులు సగం లేవు. ఎనిమిది కొబ్బరి చెట్లలో రెండు నిలబడ్డాయి. చెరువు కింద వరి ఈనే దశలో ఉంది, అంతా చాప పరిచినట్టు నీళ్లలో పడుకుని ఉంది. నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి కూడా లేవలేదు. అమ్మ రామకోవెల దగ్గర ఉంది.

కోవెల ముందు మూడు రాళ్ల పొయ్యి, దాని మీద పెళ్లిళ్లకి వాడే పెద్ద డేగిసా. కట్టెలకి కరువు లేదు, ఊరంతా పడిపోయిన చెట్లే. కానీ పచ్చి కట్టె, మంట కన్నా పొగ ఎక్కువ. అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినందుకో పొగకో తెలీదు. ఎవరింట్లో ఏది తడవకుండా మిగిలిందో అది తెచ్చారు. ఒకరు పప్పు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు ఉప్పు. ఏమీ మిగలనివాళ్లు నీళ్లు మోశారు, కట్టె కొట్టారు. ఎవరు ఏం తెచ్చారో అమ్మకి తెలుసు. "నువ్వేటి తెచ్చీవు" అని నన్నూ అడిగింది. నేను రెండు బిస్కెట్ ప్యాకెట్లు, కొవ్వొత్తులు తెచ్చాను. కొవ్వొత్తులు పుచ్చుకుంది. బిస్కెట్లు పిల్లలకి పంచమని నాకే ఇచ్చేసింది. రెండు రోజులు అలా కలిసి వండుకున్నాక మూడో రోజు ఆపేసింది. ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకోండి, బియ్యం కావలసినవాళ్లు మా ఇంటికి రండి, అంది. మా గదిలో అటక మీద తడవకుండా మిగిలిన బియ్యం మూడు బస్తాలు. పదకొండు ఇళ్లకి తవ్వతో కొలిచి ఇచ్చింది. గీసే ఇచ్చింది. తలుపు వెనక గీతలు పడ్డాయి.

నాన్నకి కోపం వచ్చింది. పంట పోయింది, ఉన్న బియ్యం పంచేస్తే మనమేం తింటాం అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అమ్మ జవాబు చెప్పలేదు, ఇంకో రెండిళ్లకి కొలిచింది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆవిడ ఎవరి మాటా వినేది కాదు.

తర్వాతి ఏడాది పంట చేతికొచ్చాక పెద్దపండగ లోపు పన్నెండు ఇళ్లవాళ్లు తెచ్చి ఇచ్చేశారు. ఒక్క ఇంటివాళ్లు ఇవ్వలేదు. వాళ్లకి లేక కాదు, కొత్త టీవీ కొన్నారు. అమ్మ అడగలేదు. ఆ ఇంటితో మాట మానేసింది. రెండేళ్ల తర్వాత వాళ్లమ్మాయి పెళ్లి. పిలవడానికి వచ్చారు, బొట్టు పెట్టించుకుంది. పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి, పిల్ల చేతిలో నూట పదహారు పెట్టి, విస్తరి ముందు కూర్చోకుండా ఇంటికొచ్చి చద్దన్నం తింది. అనురాగమయి!

ఇదంతా మా అప్పకి, అంటే మా అక్కకి, చెప్పాను. ఇలా రాయాలనుకుంటున్నానని కూడా చెప్పాను. తను విని కాసేపు ఊరుకుని, "నువ్వు మగోడివి, నీకు లెక్కలు కనపడ్డాయి. నాకు నడుం కనపడింది" అంది. రాత్రిళ్లు అమ్మ నడుముకి ఆముదం కాచి రాసింది అప్పే. ఊడ్పుల్లో ఉండగా కడుపు పోయి, నాలుగో రోజు మళ్లీ మడిలో దిగిన సంగతి నాకు అప్ప చెప్పేదాకా తెలీదు. అది నాకూ తమ్ముడికీ మధ్యలో జరిగిందట. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాక కూడా "కోతలయ్యాక చూద్దాం" అని అయిదు కోతలు దాటించింది. ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దాని మీద రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని 2019 టైమ్ యూజ్ సర్వేలో తేలింది. చేను పని ఈ లెక్కలో లేదు, అది వేరే. అప్పకి ఈ అంకె చదివి వినిపిస్తే "మా ఇంట్లో 97 ఎవరు చేసీవారు?" అంది.

కాబట్టి నేను అమ్మని ధీరవనితని చేసి ఇంకో ఫ్లెక్సీ కడుతున్నానేమో అన్న అనుమానం నాకూ ఉంది. అప్ప మాట నిజం. ఆ బతుకులో అరిగిపోవడం ఉంది. కానీ త్యాగం అనే మాట నాకెందుకు పడదంటే, త్యాగం అన్నాక ఇంక బాకీ ఉండదు. ఆవిడే వదులుకుంది, మనమేం చేస్తాం, దండం పెట్టేస్తే సరి. ఆ మాట పోయినవాళ్లని పొగడ్డానికి కాదు, ఉన్నవాళ్ల ఖాతా మూసెయ్యడానికి పనికొస్తుంది. మా ఖాతా ఎలా మూశామో చెప్తాను.

నాన్న 2020లో పోయాడు. వీలునామా లేదు. భూమి కొంత తాతల నాటిది, కొంత నాన్న కొన్నది. ఎలా లెక్కేసినా అమ్మకి అందులో వాటా ఉంది, అప్పకీ ఉంది. అప్ప పెళ్లి 1996లో అయింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మా ఇంట్లోకి మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆనందపురం, భీమిలి రోడ్డంతా లేఅవుట్లు పడి సెంటు రేటు ఎంతకి పోయిందో అందరికీ తెలుసు. పేర్లు తొందరగా మార్పించుకుంటే మంచిదని ఎవరో చెప్పారు. హక్కు విడుదల దస్తావేజు రాయించి, అమ్మనీ అప్పనీ కారులో రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లాం. యాభై ఏళ్లలో ఆ భూమి కాగితం మీద అమ్మ సంతకం కావలసి వచ్చింది అదొక్కసారే, వదులుకోవడానికి.

సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించింది నేనే. "ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాను. డ్వాక్రాలో నేర్చుకున్న సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా. పెట్టేసి పెన్ను మూత బిగించి, "పెసర మాత్రం నేనే ఏస్తాను" అంది. అది వేడికోలు కాదు, షరతు. దస్తావేజులో రాయలేదు. పోయే ముందటి శీతాకాలం వరకూ వేసింది.

భూమి ఎవరి పేరున ఉన్నా సాగుచేసే ఆడమనిషిని రైతుగా గుర్తించి కాగితం ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. అక్టోబరు 15న మహిళా కిసాన్ దివస్ జరుపుతున్నారు. 2026ని ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. మంచిదే. నా అడుగు అంత దూరం పోదు. సచివాలయంలో ఆ గడి దగ్గర అమ్మాయి చెయ్యి ఆగినప్పుడు, పక్కన కూర్చున్న కొడుకు "రైతు అని రాయమ్మా" అనాలి. అంతే. నేను అనలేదు. పాసు పుస్తకంలో భార్య పేరు కూడా పక్కన ఉండాలని ఇవాళ వాదించేవాణ్ణి, మా తమ్ముడి పేరుతో నా పేరు కలిసి వచ్చిన పుస్తకం బీరువాలో పెట్టుకుని వాదిస్తున్నాను. చదివేవాళ్లకి ఇది తెలియాలి.

పోయిన నెల సంవత్సరీకానికి ముందు ఇంటికి రంగులు వేయిద్దామని వెళ్లాం. పనివాడు వంటింటి తలుపు చూసి, ఇది గీకించి పెయింట్ కొట్టేద్దామా అన్నాడు. ఆగమన్నాను. బొగ్గు గీతలు దాదాపు అన్నీ కొట్టేసి ఉన్నాయి. సున్నపు చుక్కల వరసలో చివరన ఒక మూడు మాత్రం అలాగే ఉన్నాయి. పాల లెక్కేమో అనుకున్నాను. పక్కింట్లో ఉండేది వరసకి పిన్ని, అమ్మ ఈడుది. పిలిచి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని వచ్చి, తలుపు వెనక్కి తలపెట్టి చూసింది.

"ఇది మీకు రావాల్సింది కాదు బాబూ. గీతలేమో మీకు రావాల్సినవి, సుక్కలు మీరు ఇయ్యాల్సినవి. ఈ మూడూ నాయి. ఇత్తనం తడిసిపోయిందని మీ అమ్మ మూడు తవ్వల పెసలు పట్టుకెళ్లింది. ఏసింది, కోసింది, ఇచ్చీలోపే పోయింది."

"ఏడాది నుంచి అడగలేదేం పిన్నీ?"

"నిన్నేటి అడుగుతాను, నీకు తెలీదు కదా."

ఆ చేలోవే పెసలు డబ్బాలో ఉన్నాయి, తమ్ముడి భార్య తీసి పెట్టింది. ఇత్తడి తవ్వ సామాన్ల గదిలో దొరికింది. రెండు తవ్వలు కొలిచి పిన్ని పట్టిన చేటలో పోశాను. మూడోది ముంచి, పైన ఇంకో రెండు పిడికిళ్లు వేసి కుప్పగా తెచ్చాను. పిన్ని చేట పక్కన పెట్టి, నా చేతిలో ఉన్న తవ్వ అంచు మీంచి అరచేతిని అటు నుంచి ఇటు లాగింది. పైనున్న గింజలు గలగలమని డబ్బాలో పడ్డాయి. అప్పుడు చేట పట్టింది.